ఉక్కపోతలో ‘ఉక్కుమనిషి’

ఈత, సైకిల్, పరుగు.. మూడూ ఒకే రోజున ఆపకుండా పూర్తిచేసే ట్రయథ్లాన్‌ పోటీలంటే మధ్యవయసు ఉద్యోగుల్లో ఇప్పుడు మహా మోజు. వీటిలో చాలావరకు జరిగేది సముద్ర తీరాల్లో, ఎండా ఉక్కా కలిసే చోట్లలో. సాధన ఎంత చేసినా ఆ ఉక్కను లెక్కలోకి తీసుకోకపోతే ఒళ్లు మొరాయిస్తుంది. ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది.

2025 అక్టోబరు 11. అమెరికాలోని హవాయి దీవుల్లో కోనా పట్టణం. మహిళల ఐరన్‌మ్యాన్‌ ప్రపంచ పోటీ జరుగుతోంది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆ తర్వాత 42.2 కిలోమీటర్ల పరుగు. అందరికన్నా ముందున్న ఇద్దరూ ఆషామాషీ క్రీడాకారిణులు కాదు. బ్రిటన్‌కు చెందిన లూసీ ఛార్లెస్‌-బార్‌క్లే 2023లో ఇదే కోనాలో ప్రపంచ విజేత. అమెరికా అమ్మాయి టేలర్‌ నిబ్‌ సగం దూరం పోటీలో మూడుసార్లు ప్రపంచ విజేత. అయినా వేడి ఇద్దరినీ పడగొట్టింది. లూసీ పరుగు మధ్యలోనే తప్పుకొన్నారు. టేలర్‌ నిబ్‌ గమ్యానికి ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లే ఉండగా, అందరికన్నా ముందుండి కూడా అడుగు పడక రోడ్డు మీద కూలబడిపోయారు. చివరికి నార్వేకు చెందిన సోల్వేగ్‌ లోవ్‌సెత్‌ గెలిచారు.

ఆటే వృత్తిగా, కోచ్‌లూ వైద్యులూ వెంట ఉండి, ఏడాదంతా దీనికే కేటాయించినవారి పరిస్థితే ఇలా ఉంటే.. వారమంతా ఏసీ గదిలో కూర్చుని పనిచేసి, తెల్లవారుజామున గంటో రెండు గంటలో సాధన చేసేవారి సంగతేంటి? ఈ ప్రశ్న మనకు దూరపుదేమీ కాదు. కోనా మాదిరి వాతావరణం మన పక్కనే, గోవాలోనూ ఉంది.

గోవా బాట

ఐరన్‌మ్యాన్‌ పోటీ 1978లో హవాయిలోనే 15 మందితో మొదలైంది. వారిలో 12 మంది పూర్తిచేశారు. 1981లో అది కోనాకు మారింది. అప్పట్నుంచీ నల్లటి లావా రాళ్ల మధ్య సాగే అక్కడి రోడ్డు, వేడి, సముద్రపు తేమ ఈ ఆటకు మారుపేరయ్యాయి. మనదేశంలో సగం దూరం పోటీ 2019 అక్టోబరులో గోవా రాజధాని పణజీలోని మీరామార్‌ బీచ్‌లో మొదలైంది. దీన్నే ‘70.3’ అంటారు. మొత్తం దూరం 70.3 మైళ్లన్నమాట. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి. కొవిడ్‌ కాలంలో ఆగినా 2022 నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో మళ్లీ జరుగుతోంది. బెంగళూరు దక్షిణ ఎంపీ తేజస్వీ సూర్య 2024లో దీన్ని 8 గంటల 27 నిమిషాల్లో పూర్తిచేయటంతో ఆటల పేజీలు చూడని ఇళ్లలోనూ దీని గురించి మాట్లాడుకున్నారు. హైదరాబాద్‌ నుంచి కూడా సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు, వైద్యులు, వ్యాపారులు దీనికి వెళ్తున్నారు. పెట్టెల్లో సర్దిన సైకిళ్లు, వెంట భార్యాపిల్లలు.. చాలా ఇళ్లకు అదో విహారయాత్ర కూడా.

ఇది మంచి మార్పే. నలభై దాటాక కూర్చున్న కుర్చీలోంచి లేవటమే గగనమైన రోజుల్లో ఈత నేర్చుకోవటం, సైకిల్‌ తొక్కటం ఒంటికి ఎంతో మేలు చేస్తాయి. చిక్కల్లా వాతావరణాన్ని తక్కువగా అంచనా వేయటంతోనే. ‘మే నెలలో 42 డిగ్రీల్లో తిరిగినవాళ్లం, గోవాలో 31 డిగ్రీలు ఒక లెక్కా?’ అనే ధీమానే మన కొంప ముంచుతుంది.

31 డిగ్రీలు.. 42తో సమానం!

మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆవిరి కావటం. ఒక లీటరు చెమట చర్మం మీది నుంచి పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడి ఒంట్లోంచి పోతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆవిరి కాదు. కారి నేల మీద పడిపోతుంది. కారిపోయిన చెమటతో ఒంట్లోని నీరు, ఉప్పు పోతాయి తప్ప వేడి మాత్రం పోదు. ఉక్కపోత ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

కాబట్టే క్రీడా పోటీల్లో మామూలు ఉష్ణోగ్రతను నమ్ముకోరు. ‘వెట్‌ బల్బ్‌ గ్లోబ్‌ టెంపరేచర్‌’ అనే సూచికను చూస్తారు. ఇందులో తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్‌ కొలతకు 70 శాతం, ఎండలో ఉంచిన నల్ల గోళం కొలతకు 20 శాతం, మామూలు ఉష్ణోగ్రతకు 10 శాతమే విలువ ఇస్తారు. అంటే పెద్దపీట తేమదే.

ఒక లెక్క వేసి చూద్దాం. తీరంలో నీడన 31 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉందనుకుందాం. తడి థర్మామీటర్‌ దాదాపు 28 చూపిస్తుంది. ఎండలో నల్ల గోళం 45 ఉంటే సూచిక సుమారు 32కు చేరుతుంది. ఇక లోతట్టు ప్రాంతంలో మండు వేసవి. 42 డిగ్రీలు, తేమ 20 శాతం. తడి థర్మామీటర్‌ 24 దగ్గరే ఉంటుంది. నల్ల గోళం 56 చూపించినా సూచిక అదే 32 దరిదాపుల్లో ఉంటుంది. ఒంటికి రెండూ ఒకటే! తేడా అల్లా- 42 డిగ్రీల్లో పరుగు పెట్టమంటే ఎవరైనా వెనకాడతారు. 31 అనేసరికి ధైర్యంగా దిగుతారు. అంతర్జాతీయ ట్రయథ్లాన్‌ నిబంధనల్లో ఈ సూచిక 32.2 దాటితే ‘నల్ల జెండా’ కిందే లెక్క. అన్నింటికన్నా తీవ్రమైన ముప్పు స్థాయి అదే.

లోపల ఏం జరుగుతుంది?

మన కండరాలు తిన్న శక్తిలో నాలుగో వంతునైనా పనిగా మార్చలేవు. మిగతాదంతా వేడే. 70 కిలోల మనిషి గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెడితే దాదాపు 550 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని బయటికి పంపాలంటే గంటకు ఇంచుమించు లీటరు చెమట ఆవిరి కావాలి. ఉక్కలో సగం చెమట కారిపోతుంది కాబట్టి ఒళ్లు దానికి రెట్టింపు చెమట పట్టిస్తుంది. గంటకు లీటరున్నర, కొందరికి రెండు లీటర్ల వరకూ పోవచ్చు. కానీ పరుగెడుతున్నప్పుడు పేగులు అన్ని నీళ్లు తీసుకోలేవు. గంటకు లీటరు తాగటమే చాలామందికి గగనం. అంతకు మించితే కడుపులో గుడగుడ, వికారం. అంటే తాగేదానికీ పోయేదానికీ మధ్య లోటు గంట గంటకూ పెరుగుతూనే ఉంటుంది.

ఈలోగా గుండెకు రెండు పనులు పడతాయి. కండరాలకూ రక్తం పంపాలి, వేడిని వదిలించుకోవటానికి చర్మానికీ పంపాలి. చెమటతో నీరు పోయి రక్తం పరిమాణం తగ్గుతుంటుంది. దాంతో వేగం పెంచకపోయినా గుండె వేగం దానంతటదే పెరుగుతుంది. జీర్ణాశయానికి, పేగులకు రక్తం తగ్గిపోతుంది. తిన్న జెల్, తాగిన పానీయం కడుపులోనే నిలిచిపోయి వాంతులవుతాయి. ‘ఆ జెల్‌ పడలేదు’ అని చాలామంది అనుకుంటారు గానీ తరచూ అసలు కారణం వేడే.

మూడు ఆటలు.. మూడు తీర్లు

ఈత: చల్లటి దేశాల్లో ఈతకు రబ్బరు సూటు వేసుకుంటారు. అది నీటిలో తేలటానికి సాయం చేస్తుంది. ఐరన్‌మ్యాన్‌ నిబంధనల ప్రకారం నీరు 24.5 డిగ్రీలు దాటితే బహుమతుల కోసం పోటీపడేవారు దాన్ని వేసుకోకూడదు. గోవా సముద్రం అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. కాబట్టి కొలనులో ఈదటం మాత్రమే వచ్చినవారికి అలలు, గుంపు, సూటు లేకపోవటం.. మూడూ ఒకేసారి ఎదురవుతాయి. ఈతలోనే గుండెకూ ఎక్కువ పరీక్ష. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయథ్లాన్‌ పోటీలపై చేసిన ఒక అధ్యయనంలో హఠాన్మరణాలు, గుండె ఆగిపోయి బతికి బయటపడ్డ ఘటనలు కలిపి 120 నమోదయ్యాయి. వీటిలో 90 ఈతలోనే! పరుగులో 15, సైకిల్‌లో 7, పోటీ ముగిశాక 8. మృతదేహ పరీక్ష వివరాలు దొరికిన 61 మందిలో 27 మందికి అంతకుముందే గుండెజబ్బు ఉన్నట్టు తేలింది. ప్రమాదాల్లో పోయినవారినీ కలిపి చూస్తే ముప్పు లక్ష మందికి 1.74. అంటే చాలా అరుదే. కానీ 60 దాటిన మగవారిలో ఇది లక్షకు 18.6.

సైకిల్‌: ఇది మోసపుచ్చే దశ. వేగంగా వెళ్తుంటే గాలి తగిలి చెమట ఆరిపోతుంది. ‘అంత ఉక్కగా లేదే’ అనిపిస్తుంది. నీళ్లు తాగటం మరచిపోతారు, వేగం పెంచుతారు. దాని ఫలితం పరుగులో కనిపిస్తుంది. నిజానికి కడుపు కాస్త కుదురుగా ఉండి, నీరూ ఆహారమూ ఇమిడే సమయం ఇదే.

పరుగు: వేగం తగ్గుతుంది, తగిలే గాలీ తగ్గుతుంది. ఒంట్లో పుట్టే వేడి మాత్రం తగ్గదు. పైగా ఇక్కడో అన్యాయముంది. ఉదయం ఏడింటికి ఈత మొదలైందనుకుంటే మేటి క్రీడాకారులు పదకొండున్నరలోపే పని ముగించుకుంటారు. కొత్తవారు గంటలో ఈత, నాలుగు గంటల్లో సైకిల్‌ ముగించినా పరుగు మొదలయ్యేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. మూడింటి వరకూ ఎండలోనే పరుగెత్తాలి. పేరుకు అందరిదీ ఒకే పోటీ. కానీ సాధన తక్కువైనవారికే, వయసు పైబడినవారికే, బరువు ఎక్కువున్నవారికే ఎక్కువ ఎండ తగులుతుంది.

నీళ్లు తక్కువైతే ముప్పు.. ఎక్కువైనా ముప్పే

‘దాహం వేయకముందే తాగు, దొరికిన చోటల్లా తాగు’ అని చాలా ఏళ్లపాటు చెప్పారు. అది తప్పని 2002 బోస్టన్‌ మారథాన్‌ నేర్పింది. అక్కడ రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయి ఉంది. ముగ్గురికి ప్రాణాంతక స్థాయికి పడిపోయింది. వీరిలో ఎక్కువమందికి పోటీ అయ్యేసరికి బరువు పెరిగింది! అంటే చెమటగా పోయినదానికన్నా ఎక్కువ నీళ్లు తాగారన్నమాట. నెమ్మదిగా, ఎక్కువసేపు పరుగెత్తేవారికి ఈ ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బటం, తికమక, తీవ్రమైతే మూర్ఛ దీని లక్షణాలు. ఇవి చాలావరకు నీరు తగ్గినప్పటి లక్షణాల్లానే ఉంటాయి. పొరపడి ఇంకా నీళ్లు తాగిస్తే అసలుకే ఎసరు.

మరి ఎంత తాగాలి? ఎవరి లెక్క వారిదే. దాన్ని ఇంట్లోనే తెలుసుకోవచ్చు. సాధనకు ముందు మూత్రానికి వెళ్లొచ్చి, తక్కువ దుస్తులతో బరువు చూసుకోవాలి. గంట సేపు పోటీ వేగంతో పరుగెత్తి, ఒళ్లు తుడుచుకొని మళ్లీ చూడాలి. తగ్గిన బరువుకు ఆ గంటలో తాగిన నీటిని కలిపితే గంటకు పట్టిన చెమట తెలుస్తుంది. కిలో బరువు తగ్గి, అర లీటరు తాగి ఉంటే పోయింది లీటరున్నర. ఇది ఉక్కగా ఉన్న రోజున చూసుకోవాలి. పోటీలో దీనంతా తాగాల్సిన పనిలేదు. బరువు రెండు శాతానికి అటూఇటూగా తగ్గినా ఫరవాలేదు. బరువు పెరగకూడదు, మరీ తగ్గకూడదు.

చెమటలో ఉప్పూ మనిషి మనిషికీ మారుతుంది. లీటరుకు అర గ్రాము నుంచి దాదాపు రెండు గ్రాముల సోడియం వరకూ పోవచ్చు. సాధన తర్వాత టీషర్టు మీద తెల్లటి చారికలు కట్టేవారు ఉప్పు ఎక్కువ పోయే కోవకు చెందినవారు. వీరికి వట్టి నీళ్లు చాలవు. కొబ్బరినీళ్లు మంచివే గానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ ఇంటి దగ్గర సాధన ముగిశాక బాగా పనికొస్తుంది.

ఓఆర్‌ఎస్‌ విషయంలో ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్యసంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లాన్ని చెప్పినన్ని నీళ్లలోనే కలపాలి. పేరులో ‘ఓఆర్‌ఎస్‌’ అని పెట్టుకుని చక్కెర ఎక్కువ, లవణాలు తక్కువ ఉన్న పానీయాలు ఏళ్ల తరబడి మందుల దుకాణాల్లోనే అమ్ముడయ్యాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఎనిమిదేళ్లు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. ఆమె పోరాటం పిల్లల విరేచనాల గురించే అయినా, పరుగు పెట్టేవారూ నేర్చుకోవాల్సింది ఉంది. డబ్బా ముందు వైపు పేరు కాదు, వెనక వైపు సోడియం అంకె చూడాలి.

తికమకపడుతున్నారా? ముందు చల్లబరచండి

నిమ్మళంగా ఎండలో కూర్చున్న పెద్దవారికి తగిలే వడదెబ్బ వేరు, శ్రమతో వచ్చే వడదెబ్బ వేరు. శ్రమ వడదెబ్బ ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్లవారికీ రావొచ్చు. చెమట ఆగిపోయి ఒళ్లు పొడిబారితేనే వడదెబ్బ అనుకోవటం ఇక్కడ చెల్లదు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే ఒంటిలోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిపోతుంది. గుర్తు పట్టాల్సింది మెదడు తీరును. పొంతన లేకుండా మాట్లాడటం, తూలటం, అకారణ కోపం, తెలిసినవారిని గుర్తుపట్టకపోవటం, పరుగెత్తాల్సిన దిక్కు మరచిపోవటం.. వీటిలో ఏది కనిపించినా వడదెబ్బగానే భావించాలి.

అప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే. మొదటి అరగంటలోపు ఉష్ణోగ్రతను 39 డిగ్రీల దిగువకు తేవాలి. అన్నింటికన్నా బాగా పనిచేసేది ఐస్‌ కలిపిన నీటి తొట్టిలో మెడ వరకు ముంచటం. అమెరికాలో ఆగస్టు వేడిలో జరిగే ఫాల్మౌత్‌ రోడ్‌ రేస్‌లో 18 ఏళ్లలో 274 మందికి శ్రమ వడదెబ్బ తగిలింది. పోటీ స్థలంలోనే తొట్టిలో ముంచి చల్లబరిచారు. 274 మందీ బతికారు. ఇందులో రహస్యం ఒక్కటే- ముందు చల్లబరచటం, తర్వాతే ఆసుపత్రికి తరలించటం. మన దగ్గర చాలావరకు జరిగేది దీనికి విరుద్ధం. వెంటనే కారెక్కించి ట్రాఫిక్‌లో పరుగులు తీస్తారు. ఆ అరగంటా ఒళ్లు కాలుతూనే ఉంటుంది.

తొట్టి లేకపోతే? నీడకు చేర్చి, బిగుతు దుస్తులు తీసేసి, ఐస్‌ నీటిలో ముంచిన తువ్వాళ్లను తల, మెడ, ఛాతీ, చంకలు, గజ్జల మీద కప్పి ఒకటి రెండు నిమిషాలకోసారి మారుస్తుండాలి. నీళ్లు కుమ్మరిస్తూ విసరాలి. ఇవన్నీ చేస్తూనే అంబులెన్స్‌ను పిలవాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్‌ వేయొద్దు. ఇది జ్వరం కాదు, మాత్రతో తగ్గదు.

అలవాటు చేస్తే ఒళ్లు వింటుంది

వేడిని తట్టుకునే శక్తి నేర్చుకుంటే వచ్చేదే. రోజూ గంట నుంచి గంటన్నర చొప్పున 10-14 రోజులు వేడిలో వ్యాయామం చేస్తే ఒంట్లో మార్పులు వస్తాయి. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. చెమటలో ఉప్పు తగ్గుతుంది. అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. చల్లటి నార్వేకు చెందిన క్రిస్టియన్‌ బ్లూమెన్‌ఫెల్ట్‌ 2021లో టోక్యో ఒలింపిక్స్‌ ట్రయథ్లాన్‌ గెలవటంలో ఇలాంటి సాధన పాత్ర ఎంతో ఉంది. ఎండకు భయపడి ఆ పోటీని పొద్దున ఆరున్నరకే మొదలెట్టినా, గీత దాటగానే ఆయన నేల మీద పడిపోయి వాంతి చేసుకున్నారు. అలవాటు ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసేయదని కూడా దీంతో అర్థమవుతుంది.

హైదరాబాద్‌ వారికి ఇక్కడే చిక్కు. అక్టోబరు, నవంబరు నాటికి అక్కడ తెల్లవారుజాము హాయిగా, పొడిగా ఉంటుంది. ఆ చల్లదనంలో ఐదింటికి పరుగెత్తి, తొమ్మిదింటికి ఏసీలో కూర్చునే ఒళ్లు మధ్యాహ్నపు గోవాకు సిద్ధం కాదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వారికి తీరపు ఉక్క పుట్టుకతోనే తెలుసు. వారికిది కొంత అనుకూలమే. హైదరాబాద్‌ వారు పోటీకి మూడు వారాల ముందు నుంచి కొన్ని సాధనలను పది పదకొండు గంటల ఎండకు మార్చుకోవాలి. ఫ్యాన్‌ లేని గదిలో సైకిల్‌ తొక్కటమూ పనికొస్తుంది. మొదట 20-30 నిమిషాలు, తర్వాత నెమ్మదిగా పెంచాలి. వేగం తగ్గించుకోవాలి. ఒంటరిగా చేయొద్దు. ఈ అలవాటు రెండు మూడు వారాల్లో పోతుంది కాబట్టి ఆగస్టులో చేసినది నవంబరులో అక్కరకు రాదు. సముద్రంలో ఈత సాధన కోసమని విశాఖ ఆర్‌కే బీచ్‌ లాంటి లోపలికి లాగే అలలున్న చోట సొంతంగా దిగటం మాత్రం కూడదు. శిక్షకులు, రక్షకులు ఉన్నచోటే సాధన చేయాలి.

ఎవరు ఆలోచించుకోవాలి?

దక్షిణాసియా వారికి గుండెపోటు ఇతరులకన్నా సగటున ఐదారేళ్లు ముందుగానే వస్తున్నట్టు పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి 35 దాటినవారు, ముఖ్యంగా ఇంట్లో తండ్రికో అన్నదమ్ములకో చిన్న వయసులోనే గుండెజబ్బు వచ్చి ఉంటే, నమోదు రుసుము కట్టకముందే గుండె వైద్యుడిని కలవాలి. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్‌ పరీక్షల్లో ఏవి అవసరమో ఆయన చెబుతారు. పరీక్షలు బాగున్నా సాధనలో ఛాతీ బరువు, అకారణ ఆయాసం, కళ్లు తిరగటం ఉంటే మళ్లీ చూపించుకోవాలి.

మందులు వేసుకునేవారి సంగతి ఇంకా ముఖ్యం. రక్తపోటుకు వాడే నీటిని బయటికి పంపే మాత్రలు ఒంట్లో నీరు, సోడియం తగ్గిస్తాయి. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని, చర్మానికి రక్త సరఫరాను అదుపు చేస్తాయి. ఎస్‌జీఎల్‌టీ2 రకం మధుమేహ మందులు నీరు తగ్గటానికి, కీటోన్లు పెరగటానికి దారితీయొచ్చు. జలుబు, అలర్జీ మాత్రల్లో కొన్ని చెమటను తగ్గిస్తాయి. వీటిని సొంతంగా ఆపొద్దు. పోటీ సంగతి చెప్పి, ఏం చేయాలో వైద్యుడినే అడగాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌ లాంటి నొప్పి మాత్రలు పోటీ రోజున అసలే వద్దు. నీరు తగ్గిన ఒంట్లో ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

పోటీకి ముందు వారం పది రోజుల్లో జ్వరం, విరేచనాలు వచ్చి ఉంటే మానుకోవటమే మేలు. టికెట్ల డబ్బు పోయిందని దిగటం తగదు. ముందు రాత్రి మద్యం, నిద్రలేమి కూడా వేడిని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి.

నిర్వాహకులను అడగాల్సినవి

మారథాన్లు, ట్రయథ్లాన్‌లు ఇప్పుడు ఊరూరా పుట్టుకొస్తున్నాయి. టీషర్టు, పతకం ఎలా ఉంటాయని అడిగినంతగా వైద్య ఏర్పాట్ల గురించి ఎవరూ అడగటం లేదు. అడగాలి. ఐస్‌ నీటి తొట్టెలు ఎన్ని, ఎక్కడ? మలద్వారం ద్వారా ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ఉందా? చంకలోనో నుదుటి మీదో చూసే కొలత వడదెబ్బలో నమ్మదగింది కాదు. వేడి సూచికను ఎన్ని గంటలకోసారి కొలుస్తారు? అది హద్దు దాటితే దూరం తగ్గిస్తారా, ఆపేస్తారా? ఆ నిర్ణయం ఎవరిది? ఈతలో రక్షక పడవలు ఎన్ని? చివర వచ్చేవారికీ నీళ్లు, ఐస్‌ మిగులుతాయా? దోహాలో 2019 ప్రపంచ అథ్లెటిక్స్‌లో మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలెట్టినా 68 మందిలో 28 మంది పూర్తిచేయలేకపోయారు. సమయం మార్చటం ఒక్కటే చాలదని అర్థమవుతుంది. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పలేని పోటీకి డబ్బు కట్టకపోవటమే మంచిది.

ఇంట్లోవారి పాత్ర

పోటీ చూడటానికి వెళ్లే భార్య, భర్త, పిల్లలు చేయగలిగినవి చాలానే ఉన్నాయి. పాల్గొనేవారి పేరు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, అలర్జీలు, అత్యవసర ఫోన్‌ నంబరును ఒక కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోవాలి. పరుగు దారిలో రెండు మూడు చోట్ల నిలబడి పలకరించాలి. ‘ఎన్నో కిలోమీటరు? ఇప్పుడేం తాగావు?’ అని అడిగితే సరిగా జవాబు చెబుతున్నారా, మాట తడబడుతోందా గమనించాలి. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా వైద్య బృందాన్ని పిలవాలి. ‘పరవాలేదు, వెళ్తా’ అనే మాటను అప్పుడు నమ్మొద్దు. వేడెక్కిన మెదడు తన స్థితిని తాను అంచనా వేసుకోలేదు.

ముగిశాక కూడా ఒకరోజు కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి పెరగటం, ఆగని వాంతులు, మత్తు, మూత్రం రాకపోవటం లేదా ముదురు గోధుమ రంగులో రావటం.. ఇవి ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందనటానికి ఆ మూత్రం రంగే గుర్తు.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇంట్లో ముందే కుదుర్చుకోవాల్సిన ఒప్పందం. ఏ లక్షణం కనిపిస్తే ఆగిపోవాలో పోటీకి ముందు రోజే మాట్లాడుకోవాలి. ఆగినందుకు ఎవరూ ఎత్తిపొడవకూడదు. ఆఫీసులో చెప్పుకొన్నాం, ఫేస్‌బుక్‌లో పెట్టుకున్నాం, పిల్లలు చూస్తున్నారు అనే బరువే చాలామందిని ఆగాల్సిన చోట ఆగనివ్వదు.

కోనాలో పరుగు మధ్యలో తప్పుకొన్న లూసీ ఛార్లెస్‌-బార్‌క్లే సంగతి గుర్తుంది కదా. సరిగ్గా నాలుగు వారాలకు, నవంబరు 8న స్పెయిన్‌లోని మార్బెయాలో సగం దూరం ప్రపంచ పోటీలో ఆమే గెలిచారు. ఆ రోజు ఆగారు కాబట్టే మళ్లీ పరుగెత్తగలిగారు. గోవా పోటీ వచ్చే ఏడాదీ ఉంటుంది. దానికి మళ్లీ వెళ్లేలా ఇంటికి క్షేమంగా తిరిగి రావటమే అసలు లక్ష్యం కావాలి.